వేపచెక్క సొరుగు

కిందటి వారం నన్ను దొర బీరువా ముందు, చేతిలో సొరుగుతో నిలబెట్టి వెళ్ళిపోయారు మీరు. మీకేం, పత్రిక మడిచి పక్కన పడేసి కాఫీ తాగి ఉంటారు. నేను మాత్రం ఆ వాసన ముక్కులో పెట్టుకుని తిరుగుతున్నాను. పైకి టేకు, లోపల వేపచెక్క. అమెరికా నుంచి ఓడ మీద వచ్చిందని మూడు మండలాల్లో పేరుమోసిన బీరువాలోంచి మన పెరటి వేపచెట్టు వాసన వస్తే ఎవరికైనా తల తిరగదూ!

కొత్తవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. నా పేరు స్వర్ణలత. తెనాలిలో పాత సామానుకి పాలిష్ వేస్తాను. యాభయ్యారేళ్ళ ఆడది పాలిష్ వేయడమేంటని నోరెళ్ళబెట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళతో వాదించే ఓపిక నాకు లేదు. నందివెలుగులో వీరరాఘవయ్య గారింటి హాల్లో ఉన్న దొర బీరువాని తళతళలాడించమని ఆయన కొడుకు జనార్దనరావు నన్ను పిలిచాడు. బాపట్ల దగ్గర సూర్యలంక బీచిలో ఆయన ఒక రిసార్టు కట్టాడు. దాని ముందు హాల్లో ఈ బీరువాని అద్దాల గదిలో నిలబెట్టి, 'ఫిలడెల్ఫియా, 1770' అని ఇత్తడి రేకు కొట్టిస్తాడట.

"ఆ రోజుల్లో అమెరికా ఇంకా ఇంగ్లీషు రాజు చేతిలోనే ఉంది స్వర్ణలతా," అని నేను పాలిష్ వేస్తున్నంతసేపూ పాఠం చెప్పాడు. "అక్కడి ఓడల వ్యాపారులు నాలుగు డబ్బులు కళ్ళజూడగానే ముందు ఇలాంటి బీరువా చేయించుకునేవాళ్ళు. బీరువా ఎంత ఎత్తుంటే ఆ ఇంటి పరువు అంత ఎత్తు."

ఇక్కడ మాత్రం తక్కువా? ఊళ్ళో ఆ ఇంటిని 'అమెరికా బీరువా ఇల్లు' అంటారు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు పిల్ల కంటే ముందు బీరువాని చూసేవాళ్ళట. చూడాల్సిన వస్తువే లెండి. ఎనిమిదడుగుల ఎత్తు. తల దగ్గర రెండు పక్కల నుంచీ లేచి ఎదురెదురుగా వంగిన చెక్కడం. కింద సన్నగా వంపు తిరిగిన నాలుగు కాళ్ళు, ఒక్కో కాలి చివర బంతిని పట్టుకున్న గద్ద గోళ్ళు. మధ్య సొరుగు మీద పెద్ద ఆల్చిప్ప. కానీ ఆ సొరుగులు బయటికి లాగి వెనక్కి తిప్పి చూస్తే, ఒక్కోదాని మీద ఉలితో గీసిన తెలుగు అంకె ఉంది. ఆ అంకెలు మా నాన్న అబ్రహాము చేతివి. మా ఇంట్లో స్టూలు అడుగున, కిటికీ రెక్కల వెనక, చిన్నప్పటి నా పలక చట్రం మీద చూస్తూ పెరిగినవే.

అక్కడే కదా ఆపాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా నాన్నని నిలదీశాను.

మా నాన్నకి ఎనభై నాలుగేళ్ళు. చేతులు వణుకుతాయి, చూపు మసక. మంచం మీద కూర్చుని నా మాటంతా విన్నాడు. విని, "అయితే ఇంకా ఉందన్నమాట," అన్నాడు.

"ఏంటి నాన్నా, ఉందన్నమాట! రేపు పదకొండింటికి లారీ వస్తోంది. బాపట్ల పోతుంది. అద్దాల్లో పెడతారు. మీరు చేశారని ఇన్నేళ్ళుగా నాకొక్క ముక్క చెప్పలేదు!"

"ఏం చెప్పమంటావు పాపా. రేపల్లె బంగళాలో అమెరికా నుంచి వచ్చిన కెంప్ దొర ఉండేవాడు. వాళ్ళ నాయనమ్మ ఇంట్లో ఇలాంటి బీరువా ఉండేదట. దాని ఫోటో బల్ల మీద పెట్టుకుని రోజూ చూసుకునేవాడు, ఇంటి మీద బెంగ. ఒకరోజు నన్ను పిలిచి, అబ్రహామూ చేస్తావా అన్నాడు. నాకు ఇరవయ్యారేళ్ళు. రెండేళ్ళు పట్టింది. ఫోటోలో ఆ చిప్ప బొటనవేలంత కూడా లేదు, సరిగ్గా తెలియలేదు. సైకిలేసుకుని సూర్యలంక పోయి, ఇసకలో ఒక చిప్ప ఏరుకొచ్చి, దాన్ని చూసి చెక్కాను. ఇది మా చిప్ప కాదే అని దొర పడీపడీ నవ్వాడు. అయినా ఉంచుకున్నాడు."

అంటే 'ఫిలడెల్ఫియా, 1770' మీదున్నది సూర్యలంక ఆల్చిప్ప! నాకు నవ్వొచ్చింది. నాన్న నవ్వలేదు.

"ఆ చిప్ప సొరుగు వెనకాల ఇంకోటుంది పాపా, దొంగ సొరుగు. దొర వాళ్ళ నాయనమ్మ బీరువాకీ ఉండేదట గానీ, మనకెందుకులే అన్నాడు. నేను ఊరుకోలేక చేశాను. దాంట్లో మీ అమ్మ పేరు చెక్కాను."

"అమ్మ పేరా?"

"మనకెప్పుడు చేస్తావు ఇలాంటిది అని అడిగేది మీ అమ్మ. బంగళాలో వంట చేస్తూ, నేను చిత్రిక పడుతుంటే కిటికీలోంచి చూసేది. అంత టేకు నేనెక్కడ తెస్తాను? పేరైనా దాంట్లో ఉండనీ అనుకున్నాను. ఆమెకి చెప్పలేదు. మనకంటూ ఒకటి చేసిన రోజున చెబుదామనుకున్నాను. ఆ రోజు రాలేదు. నీకు ఏడేళ్ళప్పుడు ఆమె నాతో మాట్లాడ్డం మానేసింది కదా."

నాకు బాగా గుర్తుంది. అమ్మ చర్చిలో పాడేది, రేపల్లెలో అంత గొంతు ఇంకొకరికి లేదు. ఒక్కరోజులో పాట ఆగిపోయింది. వంట చేసేది, వడ్డించేది, నాన్న అడిగినదానికి అవును, కాదు అనేది. అంతే. పధ్నాలుగేళ్ళు అలాగే ఉండి, నాకు ఇరవయ్యొకటి రాగానే కన్ను మూసింది. ఎందుకలా అయిపోయిందో నాన్నకి ఇప్పటికీ తెలియదు. నాకూ తెలియదు.

"ఆ పేరు ఒక్కసారి తడుముకోవాలి పాపా. ఇంకేం అడగను నిన్ను," అన్నాడు నాన్న.

నేను ముఖం తిప్పుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను. అన్నం ఉడుకుతుంటే నిలబడి ఏడ్చాను. ఏడుపెందుకు దాచాలి మీ దగ్గర.

మర్నాడు పొద్దున్నే జనార్దనరావు ఫోను. "స్వర్ణలతా, నేను బాపట్ల నుంచి లారీతో బయల్దేరుతున్నాను. పదకొండుకల్లా అక్కడుంటాను. ఈలోపు ఆఖరి తుడుపు తుడిచెయ్యి. బయటివాళ్ళనెవర్నీ దగ్గరికి రానివ్వకు."

"అలాగేనండి," అన్నాను. మా నాన్న బయటివాడెలా అవుతాడు చెప్పండి?

ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకుని, తలకి నూనె రాసుకుని, నా కంటే ముందే గుమ్మంలో నిలబడ్డాడు నాన్న. ఆటోలో నందివెలుగు ఎంతసేపు? అయినా దారి పొడవునా అడుగుతూనే ఉన్నాడు, గోళ్ళేమైనా విరిగాయా, పిడులు అవేనా, తల మీది చెక్కడాలకి పురుగు పట్టిందా అని. కాన్పుకెళ్ళిన కూతుర్ని చూడబోయే తండ్రి కూడా అన్ని ప్రశ్నలు వేయడు.

గేటు దాటి వాకిట్లోకి వచ్చాక కాళ్ళు ఆగిపోయాయి ఆయనకి.

"ఏంటి నాన్నా?"

"ఇక్కడే నిలబెట్టారు," అన్నాడు. "దొర దేశం వెళ్ళిపోయాక ఈ ఇంటాయన బీరువా కొన్నాడని తెలిసింది. ఒక్కసారి చూసిపోదామని రేపల్లె నుంచి వచ్చాను. నీలాంటివాడు హాల్లోకి రావడమేంట్రా, అది అమెరికా బీరువా, నువ్వు చేసిందేంటి, ఇంకోసారి ఆ మాట అన్నావంటే బాగుండదు అని పంపించేశాడు. అరుగు కూడా ఎక్కనివ్వలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ వీరరాఘవయ్య బతికుంటే అక్కడికక్కడే కడిగేసేదాన్ని. ఆయన పోయి నాలుగేళ్ళయింది. గోడ మీద దండేసిన ఫోటోతో ఏం పోట్లాడతాం?

బసవమ్మ గారు వరండాలోకి వచ్చారు. ఆయన భార్య, జనార్దనరావు తల్లి. డెబ్భై అయిదేళ్ళు ఉంటాయి. పాలిష్ పనికి వచ్చిన ఈ పది రోజుల్లోనూ ఆవిడ నాతో పదిమాటలు కూడా మాట్లాడలేదు. బీరువా ఉన్న వైపు చూడను కూడా చూసేవారు కాదు. ఇంటి పరువంతా దాన్లోనే ఉంటే ఈవిడకి దాని మీద ఇంత కోపమేంటో అనుకునేదాన్ని.

"ఎవరమ్మాయ్ ఈయన?"

"మా నాన్నండి. ఊరికే, నాకు తోడుగా..." అని ఏదో అల్లబోయాను. నాన్న నన్ను సాగనివ్వలేదు.

"ఆ బీరువా చేసింది నేనేనమ్మగారూ. ఒక్కసారి చూసుకుని పోతాను."

ఇంకేముంది, అయిపోయింది నా పని అనుకున్నాను. ఇన్నేళ్ళ అమెరికా గొప్పంతా ఒక్క ముక్కలో వాకిట్లో కూల్చేశాడు మహానుభావుడు! కానీ ఆవిడ అరవలేదు. మెట్టు దిగి వచ్చి నాన్న ముఖంలోకి చూశారు.

"వెనకటికి రేపల్లె నుంచి ఒకసారి వచ్చింది నువ్వేనా?"

"నేనేనండి."

"బీరువా సంగతి చెప్పడానికా వచ్చావు?"

"అవునండి. ఇంకేముంటుందండి నాకు?"

ఆవిడ పక్కకి తప్పుకుని, "లోపలికి తీసుకురా అమ్మాయ్," అన్నారు.

మా నాన్న ఆ హాల్లో అడుగుపెట్టాడు. యాభై ఏళ్ళు పట్టింది వాకిట్లోంచి హాల్లోకి రావడానికి. నేను చేయి పట్టుకుని బీరువా ముందుకి తీసుకెళ్ళాను. ముందు కాళ్ళ దగ్గరికి వంగాడు. గోళ్ళు ఒక్కొక్కటే తడిమాడు. వణికే చేతులు చెక్క మీద ఆనగానే నిలకడగా అయిపోయాయి, నా కళ్ళతో చూశాను. అంచు మీదుగా పైకి వచ్చాడు. సొరుగు మూలల్లో పళ్ళుపళ్ళుగా ఒకదాన్లో ఒకటి ఇమిడిన అతుకుల్ని గోటితో గీకి చూశాడు. ఎక్కడా సందు లేదు.

"ఇక్కడ ఉలి జారింది. అంతా చూశాడు గానీ దొర ఇది కనిపెట్టలేదు," అని ఎడమ అంచున నాకెప్పుడూ కనిపించని చిన్న నొక్కు చూపించాడు. పది రోజులు పాలిష్ వేసిన దాన్ని, నాకే కనిపించలేదు! నాన్న మసక కళ్ళు మెరిశాయి. నేను పుట్టాక ఆయన ముఖంలో అంత సంతోషం ఎప్పుడైనా చూశానా అని ఆలోచించాను. గుర్తు రాలేదు.

"చిప్ప సొరుగు లాగు పాపా. మొత్తం బయటికి తియ్యి."

తీసి కింద పెట్టాను. లోపలంతా చీకటి, వేప వాసన. నాన్న చేయి లోపలికి పెట్టాడు. వెతికాడు. మోచేతి దాకా పెట్టి మళ్ళీ వెతికాడు. వేళ్ళకి అందడం లేదు, ముఖం వాడిపోయింది.

"వెనక పక్క, కుడివైపు వెదురు బద్ద ఉంటుంది," అని వెనక నుంచి బసవమ్మ గారి గొంతు వినిపించింది. "కిందికి నొక్కాలి."

మేమిద్దరం ఒక్కసారిగా వెనక్కి తిరిగాం. ఆవిడ స్తంభాన్ని ఆనుకుని నిలబడి ఉన్నారు.

"మీకెలా తెలుసండి?" అన్నాను.

"నొక్కు," అన్నారావిడ.

నాన్న నొక్కాడు. టక్ మని చిన్న చప్పుడు. అరచేయంత పెట్టె ముందుకి జారి ఆయన వేళ్ళలోకి వచ్చింది. ఖాళీ పెట్టె. అడుగు చెక్క మీద మూడక్షరాలు, లోతుగా, చుట్టూ చిన్న తీగ. రాజమ్మ. నాన్న బొటనవేలు ఆ అక్షరాల మీదుగా నడిచింది. అటూ ఇటూ రెండుసార్లు, మూడుసార్లు. కళ్ళలోంచి నీళ్ళు కారి తెల్లచొక్కా మీద పడుతున్నా తుడుచుకోలేదు.

"చేయలేకపోయానే," అన్నాడు ఆ పేరుతో. "నీకు చేసివ్వలేకపోయాను."

"రాజమ్మ ఎవరు?" అన్నారు బసవమ్మ గారు. ఆ గొంతు విని నేను హడలిపోయాను. అది పెద్దావిడ గొంతు కాదు, కొత్తగా కాపరానికి వచ్చిన ఆడపిల్ల గొంతు.

"నా భార్య అండి. పోయి చాలా ఏళ్ళయింది."

"నీ భార్యా?"

"అవునండి. బీరువా చేసేటప్పుడు ఆమె పేరు చెక్కాను."

బసవమ్మ గారు స్తంభం పట్టుకునే కిందికి జారి నేల మీద కూలబడ్డారు. నేను పరిగెత్తి నీళ్ళు తెచ్చాను. తాగలేదు. గ్లాసు చేత్తో పట్టుకుని గోడ మీది వీరరాఘవయ్య గారి ఫోటో వైపు చూస్తూ ఉండిపోయారు. నాన్నని కుర్చీలో కూర్చోబెట్టాను. ఆవిడ అభ్యంతరం చెప్పలేదు, చెప్పినా నేను వినేదాన్ని కాదు.

"నేను కాపరానికి వచ్చిన నాలుగేళ్ళకి, దుమ్ము దులుపుతుంటే ఆ బద్ద చేతికి తగిలింది," అని మొదలుపెట్టారు. "ఆడదాని పేరు. దాచిపెట్టిన పేరు. ఈయన్ని అడిగాను, ఈ బీరువా రేపల్లె నుంచి వచ్చిందని పాలేరు అంటున్నాడు, అక్కడ మీకెవరున్నారు అని. కస్సుమని లేచాడు. రేపల్లె మాట ఈ ఇంట్లో ఎత్తొద్దన్నాడు. ఆ వారమే రేపల్లె మనిషి ఎవరో వాకిట్లోకి వస్తే గబగబా పంపించేశాడు. ఎవరండీ అంటే, ఎవడో పనిలేనివాడన్నాడు. నేనేమనుకోవాలమ్మాయ్? నువ్వే చెప్పు!"

బీరువా రేపల్లెలో పుట్టిందని తెలిస్తే పరువు పోతుందని ఆ మహాశయుడు పెళ్ళాంతో కూడా అబద్ధమాడాడు. ఆవిడ ఆ అబద్ధం వెనక ఇంకో ఆడదాన్ని చూసుకుంది.

"ఆ రోజు నుంచి ఆయనకి అన్నం పెట్టాను, బట్టలు మడతపెట్టాను. ఎదురుగా కూర్చుని ఒక్క మాట మనసిచ్చి మాట్లాడలేదు. నీకేం తక్కువ చేశానే బసవా అని ఎన్నిసార్లు అడిగాడో! పోయే ముందు మంచినీళ్ళడిగాడమ్మా. కోడలి చేత ఇప్పించాను. నా చేత్తో ఇవ్వలేదు. నా చేతి వైపే చూస్తూ పోయాడు."

ఆ మాటతో ఆవిడ భోరుమన్నారు. ఆవిడ భుజం మీద చేయి వేశాను. నాకూ దుఃఖం ఆగలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు నాకు. పేరు చెక్కింది నాన్న, ప్రేమతో చెక్కాడు.

"క్షమించండమ్మగారూ," అన్నాడు నాన్న. "నా వల్ల మీ కాపరం..."

"మీరు నన్ను క్షమించమనకండి అబ్రహాము గారూ," అన్నారావిడ తలెత్తి. వాకిట్లో 'నువ్వు' అన్న మనిషి హాల్లో 'మీరు' అంటున్నారు. "మీకు తెలియనిది ఇంకొకటుంది. ఆ బీరువా దొర బంగళాలోంచి వచ్చిందని అదే పాలేరు చెబితే, ఈయనకి చెప్పకుండా ఒక మధ్యాహ్నం రేపల్లె వచ్చాను. బంగళా దగ్గర రాజమ్మ అనే ఆడది ఉందా అని అడిగాను. వంట చేసే రాజమ్మ అని ఇల్లు చూపించారు."

నాన్న చేయి పేరు మీదే ఆగిపోయింది.

నాకు ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఏడేళ్ళ వయసు నాకు. మా ఇంటి ముందు రిక్షా ఆగింది. ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, నిండా నగలు పెట్టుకున్న ఒకావిడ దిగింది. మా ఇంటికి అలాంటివాళ్ళు ఎప్పుడూ రాలేదని నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, అమ్మ నన్ను బయట ఆడుకోమని పంపి తలుపు దగ్గరికి వేసింది. మళ్ళీ తలుపు తీసేసరికి అమ్మ ముఖం నా అమ్మ ముఖంలా లేదు. ఆ వారం చర్చిలో అమ్మ పాడలేదు.

"ఆకుపచ్చ పట్టుచీర," అన్నాను.

"నా పెళ్ళిచీర," అన్నారు బసవమ్మ గారు. "నేనెవరో ఆమెకి తెలియాలని కట్టుకుని వచ్చాను."

"ఆమెతో ఏమన్నారమ్మగారూ?" అన్నాడు నాన్న. అరిచినట్టు అనలేదు. ఆకలేసినవాడు అన్నం అడిగినట్టు అడిగాడు. "నా భార్యతో ఏమన్నారు? పధ్నాలుగేళ్ళు నాతో మాట్లాడకుండా పోయిందండి. ఎందుకో తెలియక నేను..."

అప్పుడే బయట లారీ హారన్ మోగింది. పదకొండు కూడా కాలేదు. గేటు కిర్రుమంది. "అమ్మా! తలుపులు బార్లా తియ్యండి, మనుషులొస్తున్నారు!" అని జనార్దనరావు కేక.

బసవమ్మ గారు లేచారు. తలుపు దగ్గరికి వెళ్ళారు. తీస్తారనుకున్నాను. తలుపు మూసి, కింది గడియ వేసి, మునివేళ్ళ మీద లేచి పై గడియ కూడా వేసి, వెనక్కి వచ్చి నాన్న కుర్చీ ముందు నేల మీద కూర్చున్నారు. బయట కొడుకు తలుపు బాదుతున్నాడు.

"నేనన్న మాటలు చెబుతాను, ఒక్కటి కూడా దాచను," అన్నారు. "కానీ ముందు మీ రాజమ్మ నాకిచ్చిన జవాబు వినండి. ఆమె మీకొక మాట చెప్పమంది అబ్రహాము గారూ. యాభై ఏళ్ళుగా అది నా దగ్గరే ఉండిపోయింది."